ఒకే పేరు, వేరే దేశం: నాయకులను కలిపేసుకోకుండా చదువుకునే పద్ధతి

నల్లగొండలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలకు సాయంత్రం పూట వర్తమాన వ్యవహారాలు, ప్రపంచ చరిత్ర చెప్పడం కొన్నేళ్లుగా నా పని. ఆ మధ్య ఒక అమ్మాయి నోట్‌బుక్కు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. “జనరల్ జియా 1977లో అధికారంలోకి వచ్చాడు, దక్షిణాసియా దేశాలన్నీ ఒక సంఘంగా ఏర్పడాలన్న ఆలోచన చేశాడు, 1988లో విమాన ప్రమాదంలో మరణించాడు” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. ఇందులో విడివిడిగా చూస్తే ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కాని ఆ మూడూ జరిగిన మనిషి మాత్రం ఈ భూమ్మీద ఎన్నడూ పుట్టలేదు.

ఆ వాక్యంలో ఇద్దరు మనుషులు ఇరుక్కుని ఉన్నారు. ఒకరు బంగ్లాదేశ్‌ను పాలించిన జియావుర్ రహ్మాన్, మరొకరు పాకిస్తాన్‌ను పాలించిన జియా ఉల్ హక్. ఇద్దరూ సైన్యం నుంచి వచ్చినవారే. ఇద్దరి చరిత్రలోనూ 1977 ముఖ్యమైన సంవత్సరమే: ఏప్రిల్‌లో జియావుర్ రహ్మాన్ అధ్యక్ష పదవి చేపట్టగా, జూలై 5న జియా ఉల్ హక్ భుట్టో ప్రభుత్వాన్ని కూలదోశారు. ఇద్దరూ పదవిలో ఉండగానే ప్రాణాలు కోల్పోయారు; మొదటివారు 1981 మే 30న చిట్టగాంగ్‌లో సైనికాధికారుల చేతిలో హతులయ్యారు, రెండవవారు 1988 ఆగస్టు 17న బహావల్పూర్ దగ్గర విమానం కూలి మరణించారు. దక్షిణాసియా దేశాల సంఘమైన సార్క్ ఆలోచన బంగ్లాదేశ్ జియాది. అయితే 1985 డిసెంబరులో ఢాకాలో సార్క్ తొలి శిఖరాగ్ర సమావేశం జరిగేనాటికి ఆయన పోయి నాలుగేళ్లు దాటింది, ఆ సమావేశానికి పాకిస్తాన్ తరఫున వచ్చిన అధ్యక్షుడు రెండవ జియా. అందుచేత ‘సార్క్, ఢాకా, జియా’ అని మూడు మాటలు ఒక వరుసలో రాసుకున్న విద్యార్థి ఎంత చురుకైనవాడైనా పరీక్ష హాలులో తడబడక తప్పదు.

ఇలాంటి జంటలు ప్రపంచ రాజకీయాల్లో చాలా ఉన్నాయి. వాటిని వేరుచేసి గుర్తుపెట్టుకోవడానికి మా తరగతిలో పాటించే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పరీక్షలకు చదివేవారికే కాక, పత్రికలకు రాసేవారికి, అనువాదం చేసేవారికి కూడా ఇది పనికొస్తుంది.

నిజానికి ఈ విద్య మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. యాదగిరిగుట్ట స్వామి పేరు పెట్టుకున్న యాదయ్యలు, జాన్‌పహాడ్ దర్గా మొక్కుతో సైదులు అని పేరు పెట్టుకున్నవారు, పాలమూరు వైపు కురుమూర్తి స్వామి పేరిట కుర్మయ్యలు ఊరికి అరడజను మంది ఉంటారు. అయినా పాలు పోసే యాదయ్యకు ఇవ్వాల్సిన పైసలు కరెంటు పని చేసే యాదయ్య చేతిలో ఎవరూ పెట్టరు. ఇంటిపేరో, ఉండే చోటో, చేసే పనో పేరుకు ముందు చేర్చి పిలుచుకుంటాం. ఎన్నికల వారు చేసేదీ ఇదే. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో, ఒకే పేరు గల అభ్యర్థులు ఇద్దరు గాని అంతకన్నా ఎక్కువ మంది గాని ఉంటే వారి వృత్తిని లేక నివాసాన్ని చేర్చి, లేదా మరో విధంగానైనా వేరుగా చూపాలని ఉంది. అది కూడా చాలదని తోచి, 2015 నుంచి అభ్యర్థి ఫొటోను కూడా బ్యాలెట్‌పై ముద్రిస్తున్నారు. బ్యాలెట్ సంగతి నల్లగొండ వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికలో ఇక్కడ 480 మంది పోటీకి నిలబడ్డారు, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అంతమందిలో తన మనిషిని వెతికి ముద్ర వేసిన ఓటరుకు ఇద్దరు జియాలను వేరుచేయడం ఒక లెక్క కాదు.

పేరుకు కాదు, మనిషికి ఒక పేజీ

మొట్టమొదట నోట్‌బుక్కులో పేరుకు ఒక పేజీ పెట్టుకునే అలవాటు మాని, మనిషికి ఒక పేజీ పెట్టుకోవాలి. పేజీ నెత్తిన పేరు పూర్తిగా రాయాలి. దాని కింద దేశం, పదవి, ఆ పదవిలో ఉన్న సంవత్సరాలు ఒకే వరుసలో రావాలి. ఆ తర్వాత ఆయన పేరు వినగానే గుర్తుకు రావలసిన సంఘటన ఒక్కటే రాయాలి. పేజీ అడుగున ఎర్ర సిరాతో ‘ఈయన ఎవరు కాదు’ అన్నది రాయాలి. ఈ చివరి వరుస అనవసరమని పిల్లలు మొదట్లో నవ్వుకుంటారు. నా అనుభవంలో మొత్తం పేజీలో పరీక్ష నాడు గుర్తుకొచ్చేది ఆ ఎర్ర వరుసే.

ఒక పేజీ ఎలా ఉంటుందో చూపిస్తాను. నెత్తిన ‘ఫక్రుద్దీన్ అలీ అహ్మద్’ అని ఉంటుంది. రెండవ వరుస: భారతదేశం, రాష్ట్రపతి, 1974 ఆగస్టు నుంచి 1977 ఫిబ్రవరిలో పదవిలో ఉండగా మరణించే వరకు. సంఘటన: 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం. అడుగున ఎర్ర సిరా: ‘ఈయన బంగ్లాదేశ్ ఫక్రుద్దీన్ కాదు, ఈయన పేరులో అలీ ఉంది’. దాని ఎదుటి పేజీలో ‘ఫక్రుద్దీన్ అహ్మద్’. బంగ్లాదేశ్, ఆపద్ధర్మ ప్రభుత్వ ప్రధాన సలహాదారు, 2007 జనవరి నుంచి 2009 జనవరి వరకు. అంతకుముందు ఆ దేశ కేంద్ర బ్యాంకు గవర్నరు.

ఇక్కడ ఒక ముల్లు ఉంది. 2007 జనవరి 11న బంగ్లాదేశ్‌లో కూడా అత్యవసర పరిస్థితి ప్రకటించారు, ఆ మరునాడే ఈ ఫక్రుద్దీన్ బాధ్యతలు చేపట్టారు. అంటే ‘ఫక్రుద్దీన్, అత్యవసర పరిస్థితి’ అన్న రెండు మాటలు పక్కపక్కన పెడితే ఇద్దరికీ సరిపోతాయి. ఇటువంటి చోట సంఘటన పేరు ఒక్కటే రాసుకుంటే సరిపోదు, ఆ సంఘటనలో ఆయన చేసిన పని రాసుకోవాలి. ఒకరు ప్రకటనపై సంతకం చేశారు. మరొకరు ప్రకటన వెలువడిన తర్వాత వచ్చి ప్రభుత్వం నడిపారు. బంగ్లాదేశ్‌లో ఆ ప్రకటన చేసిన అధ్యక్షుడి పేరు ఇయాజుద్దీన్ అహ్మద్, ఆయన వేరే మనిషి.

పేజీ పక్కన కాలరేఖ గీసుకోవడం మరో మంచి అలవాటు. పెన్సిలుతో నిలువు గీత గీసి పదేళ్లకొక అడ్డగీత పెట్టి, మనిషి పదవిలో ఉన్న భాగాన్ని దళసరిగా దిద్దాలి. ఇద్దరి దళసరి గీతలు ఒకే ఎత్తున వచ్చాయంటే అక్కడ రెట్టింపు జాగ్రత్త కావాలి. మన్‌మోహన్ పేరు చూడండి. 1994 నవంబరులో నేపాల్ ప్రధానమంత్రి అయిన కమ్యూనిస్టు నాయకుడు మన్‌మోహన్ అధికారి 1995 సెప్టెంబరు వరకు ఆ పదవిలో ఉన్నారు. సరిగ్గా ఆ సమయంలో మన దేశంలో మన్‌మోహన్ సింగ్ ఆర్థికమంత్రి. ఒకరు అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వానికి అధిపతి, మరొకరు ఇక్కడ సరళీకరణకు సారథి. ఆనాటి పత్రికను ఇప్పుడు తిరగేస్తే ‘మన్‌మోహన్’ అన్న శీర్షిక కింద ఎవరి మాటలు ఉన్నాయో వార్త లోపలికి వెళ్తే గాని తెలియదు.

కాలరేఖ ఇంకో మేలు కూడా చేస్తుంది. ఏ వాక్యం అనుమానంగా తోచినా ‘అప్పటికి ఈయన బతికి ఉన్నారా?’ అని ఒక్కసారి అడుక్కుంటే సగం తప్పులు అక్కడే బయటపడతాయి. నోట్‌బుక్కులోని ఆ జియా వాక్యం కూడా ఈ ఒక్క ప్రశ్నతోనే విడిపోయింది.

పేరును విడదీయడం

రెండవ పని కొంచెం ఓపికతో కూడినది. పరాయి దేశపు పేరు కనబడగానే అందులో బిరుదు ఏది, సొంత పేరు ఏది, తండ్రి పేరు ఏది, వంశం పేరు ఏది అని విడదీసి చూడాలి. తేడా లేనట్టు కనిపించే పేర్లలో చాలావాటికి ఇక్కడే తేడా దొరుకుతుంది.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. మలేషియాలో పనిచేసి వచ్చిన బంధువు ఇచ్చాడంటూ ఒక విద్యార్థి ఆ దేశపు నోటు తరగతికి తెచ్చాడు. దాని మీది బొమ్మ ఎవరిదని అడిగితే, నేను తడుముకోకుండా ‘మలేషియా మొదటి ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్’ అన్నాను. పిల్లలంతా రాసుకున్నారు కూడా. ఇంటికి వెళ్లి చూసుకుంటే ఆ బొమ్మ ప్రధానిది కాదు, మొదటి రాజుది. ఆయన పేరు టువాంకు అబ్దుల్ రహ్మాన్. 1957 ఆగస్టు 31న మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన నాడు దేశానికి రాజు ఒక అబ్దుల్ రహ్మాన్, ప్రధానమంత్రి మరో అబ్దుల్ రహ్మాన్. రాజు 1960లో మరణించారు, ప్రధాని 1970 వరకు పదవిలో ఉన్నారు. టుంకు, టువాంకు అన్నవి రెండూ రాజవంశాలకు సంబంధించిన గౌరవపదాలే. మరునాడు తరగతిలో తప్పు ఒప్పుకుని దిద్దించాను గాని, ఒకసారి రాసుకున్న తప్పును కొట్టేయించడం ఎంత కష్టమో ఆనాడు తెలిసింది.

బిరుదును పేరు అనుకోవడం మన వైపు మామూలే. బర్మా నాయకుడు ఊ ను పేరులో ‘ఊ’ అంటే మన ‘గారు’ వంటిది. దాన్ని తీసేస్తే మిగిలే పేరు ఒక్క అక్షరం. షేక్, మీర్, చౌధురి అన్నవి కూడా మనిషిని మనిషి నుంచి వేరుచేయవు. కశ్మీర్ నాయకుడు షేక్ అబ్దుల్లా, యూఏఈ విదేశాంగ మంత్రి షేక్ అబ్దుల్లా బిన్ జాయెద్ ఇద్దరికీ ముందు ‘షేక్’ ఉన్నంత మాత్రాన ఒకరికొకరు ఏమీ కారు.

గల్ఫ్ పేర్లలో ‘బిన్’ అంటే కుమారుడని అర్థం. దుబాయి వెళ్లి వచ్చినవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్, యూఏఈ అధ్యక్షుడు మహమ్మద్ బిన్ జాయెద్, దుబాయి పాలకుడు, యూఏఈ ప్రధానమంత్రి కూడా అయిన మహమ్మద్ బిన్ రాషిద్: ముగ్గురి సొంత పేరు ఒకటే, తండ్రి పేరుతోనే వేరవుతారు. కనుక ఇక్కడ పేజీ నెత్తిన తండ్రి పేరు కింద గీత గీసుకోవాలి. ఐస్‌లాండ్‌లో కూడా చాలామందికి వంశనామం ఉండదు, తండ్రి పేరుకు కొడుకు, కూతురు అనే అర్థమిచ్చే తోక చేరుతుంది. అక్కడ బ్యార్ని బెనెడిక్ట్‌సన్ అనే పేరుతో ఇద్దరు ప్రధానమంత్రులయ్యారు. ఒకరు 1963 నుంచి 1970 వరకు ఉండి అగ్నిప్రమాదంలో మరణించారు, అదే కుటుంబానికి చెందిన రెండవవారు 2017లోను, మళ్లీ 2024లోను పదవి చేపట్టారు. ఇక్కడ పేరును ఎంత విడదీసినా లాభం లేదు, సంవత్సరమే దిక్కు.

వంశనామం ముందు వచ్చే దేశాల పేర్లు తెలుగువారికి తేలిక కావాలి, ఎందుకంటే మన ఇంటిపేరు కూడా ముందే వస్తుంది. చైనా, కొరియా, హంగరీ వాళ్లు మనలాగే రాసుకుంటారు. సింగపూర్ నాయకుడు లీ క్వాన్ యూ పేరులో ‘లీ’ ఇంటిపేరు, బూర్గుల రామకృష్ణారావు పేరులో ‘బూర్గుల’ ఎలాగో అలాగన్నమాట. తమాషా ఏమిటంటే, బయటి దేశాల పత్రికలు పాములపర్తి వెంకట నరసింహారావును ‘మిస్టర్ రావు’ అని రాశాయి. ‘రావు’ ఆయన ఇంటిపేరు అనుకున్నాయి. ఆ లెక్కన నందమూరి తారక రామారావు, బూర్గుల రామకృష్ణారావు, పీవీ ముగ్గురూ అన్నదమ్ములైపోవాలి. వాళ్లు మన పేర్లతో చేసిన పనినే మనం వాళ్ల పేర్లతో చేస్తుంటాం.

వంశనామం ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉందనుకోవడం కూడా పొరపాటే. డెన్మార్క్‌లో 1993 నుంచి 2011 వరకు వరుసగా ముగ్గురు ప్రధానమంత్రుల చివరి పేరు రాస్ముసెన్. పౌల్ నీరుప్, ఆండర్స్ ఫోగ్, లార్స్ లోకే అనే ఆ ముగ్గురూ ఒకరికొకరు ఏమీ కారు. ఆ దేశస్థులు వాళ్లను మధ్యపేరుతోనే నీరుప్, ఫోగ్, లోకే అని పిలుచుకుంటారు. మనం కూడా ఆ దేశం వాళ్లు ఏ ముక్కతో పిలుచుకుంటారో ఆ ముక్కనే పట్టుకోవాలి. వియత్నాం పేర్లకు కూడా ఇదే సూత్రం: న్గుయెన్ అన్న వంశనామం అక్కడ ఎంతమందికి ఉంటుందంటే, దానితో పిలిస్తే ఎవరూ పలకరు, చివర వచ్చే సొంత పేరే వాడుకలో ఉంటుంది.

తెలుగు లిపిలోకి వచ్చాక

మూడవ చిక్కు మన లిపి వల్ల వస్తుంది. ఒకే పేరు అనేక రూపాల్లో రావడం, వేర్వేరు పేర్లు ఒకే రూపంలోకి దిగడం, రెండూ జరుగుతాయి. సింగపూర్ లీ క్వాన్ యూ, చైనా ప్రధాని లీ పెంగ్, దక్షిణ కొరియా తొలి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ, ముగ్గురి వంశనామం చైనా లిపిలో రాస్తే ఒకే అక్షరం. మనకు మాత్రం ఇద్దరు లీలు, ఒక రీ. పైగా సింగ్‌మన్ రీ తన పేరును పాశ్చాత్య పద్ధతిలో తిప్పి రాసుకున్నారు కనుక వంశనామం చివరికి పోయింది.

దీనికి విరుద్ధంగా, ఐర్లాండ్ ప్రధాని పేరును ఐరిష్‌లో ‘మీహాల్ మార్టిన్’ అని పలుకుతారు. దాన్ని తెలుగులో మైఖేల్ మార్టిన్ అని రాసేస్తే, 2000 నుంచి 2009 వరకు బ్రిటన్ కామన్స్ సభకు స్పీకరుగా ఉండి రాజీనామా చేసిన మైఖేల్ మార్టిన్‌తో కలిసిపోతారు. పలుకుబడి తెలిసినప్పుడు దాన్నే రాయడం మేలు.

కిమ్ పేర్లలో ఒక్క అక్షరమే ప్రాణం. ఉత్తర కొరియాను 1994 నుంచి 2011 వరకు ఏలినవారు కిమ్ జోంగ్ ఇల్. దక్షిణ కొరియా గూఢచారి సంస్థను 1961లో స్థాపించి, ఆ తర్వాత రెండుసార్లు ప్రధానమంత్రిగా పనిచేసినవారు కిమ్ జోంగ్ పిల్. ఒక ‘ప’కారం తప్పితే శత్రుదేశాలు తారుమారవుతాయి. ఇలాంటివి చేత్తో పదిసార్లు రాయడం తప్ప వేరే ఉపాయం నాకు తోచలేదు.

మన తెలంగాణ చరిత్ర చదివేవారికి దగ్గరి ఉదాహరణ లాయక్ అలీ, లియాకత్ అలీ. 1947 చివర నుంచి 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసే వరకు హైదరాబాద్ సంస్థానానికి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ. అదే కాలంలో పాకిస్తాన్ మొదటి ప్రధానమంత్రి లియాకత్ అలీ ఖాన్; ఆయన 1951 అక్టోబరులో రావల్పిండిలో హత్యకు గురయ్యారు. లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరడంతో, ఇద్దరి పేర్లూ కొంతకాలం ఒకే దేశంలో వినిపించాయి. ఇది చాలదన్నట్టు రెండవ సాలార్‌జంగ్ అసలు పేరు కూడా మీర్ లాయక్ అలీ ఖానే, ఆయన 1880లలో హైదరాబాద్ దివాను. ఈ ముగ్గురికీ మూడు పేజీలు తప్పవు.

కావాలని పెట్టుకున్న పేర్లు

ఒక నాయకుడి మీద అభిమానంతో పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం కమ్యూనిస్టు ఉద్యమం బలంగా సాగిన మన జిల్లాకు కొత్త కాదు. లెనిన్ అని పిలిస్తే పలికేవారు ఇక్కడ చాలా ఊళ్లలో దొరుకుతారు. తమిళనాడు ముఖ్యమంత్రిగా 2021లో పదవి చేపట్టిన ఎం.కె.స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టారు. సోవియట్ నాయకుడు జోసెఫ్ స్టాలిన్ అదే నెల 5న మరణించారు. ఈ రెండు తేదీలు ఒకచోట రాసుకుంటే ఆ పేరు ఎక్కడిదో ఇక మరచిపోరు. ఈక్వడార్‌కు 2017 నుంచి 2021 వరకు లెనిన్ మొరెనో అధ్యక్షుడు. డొమినికా ద్వీపానికి 2004లో ప్రధాని అయిన రూజ్‌వెల్ట్ స్కెరిట్‌ది కూడా ఈ కోవలోని పేరే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. స్టాలిన్, లెనిన్ అన్నవి అసలు మనుషులకు పుట్టినప్పుడు పెట్టిన పేర్లు కావు, ఉద్యమంలో తొడుక్కున్న మారుపేర్లు, రూజ్‌వెల్ట్ ఇంటిపేరు. తర్వాతి వారికి మాత్రం అవే సొంత పేర్లయ్యాయి. అందుకని విషయసూచికలో ఈక్వడార్ అధ్యక్షుణ్ణి ‘మొరెనో’ కింద, రష్యా నాయకుణ్ణి ‘లెనిన్’ కింద పెట్టుకోవాలి.

ఇద్దరు చర్చిళ్లు

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ విన్‌స్టన్ చర్చిల్‌ది, ఎందుకంటే అక్కడ పేరు పంచుకున్న ఇద్దరూ తమలో తామే ఉత్తరాలు రాసుకుని సమస్యను పరిష్కరించుకున్నారు. అమెరికాలో 1871లో పుట్టిన విన్‌స్టన్ చర్చిల్ నవలా రచయిత. బ్రిటన్‌లో 1874లో పుట్టిన విన్‌స్టన్ చర్చిల్ 1899 నాటికి యుద్ధరంగం నుంచి పత్రికలకు రాస్తున్న కుర్ర సైనికాధికారి. అప్పటికి పుస్తకాల ప్రపంచంలో పేరున్నవాడు అమెరికా చర్చిలే. బ్రిటన్ చర్చిల్ ఆయనకు మర్యాదగా ఉత్తరం రాసి, ఇకమీదట తన రచనలపై విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ అని సంతకం చేస్తానని తెలియజేశారు. తనకు కూడా మరో పేరేదైనా ఉంటే తప్పక చేర్చుకునేవాడినని అమెరికా చర్చిల్ బదులిచ్చారు. మరుసటి ఏడాది ఇద్దరూ బోస్టన్‌లో కలుసుకున్నారు కూడా.

కథ అక్కడితో ఆగి ఉంటే ఒకరు రచయిత, ఒకరు రాజకీయ నాయకుడు అని విడిగా రాసుకునేవాళ్లం. కాని 1900లో బ్రిటన్ చర్చిల్ పార్లమెంటుకు ఎన్నికైన కొద్దికాలానికే, 1903లో అమెరికా చర్చిల్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు, 1905లో మళ్లీ గెలిచారు, 1906లో గవర్నరు పదవికి పార్టీ అభ్యర్థిత్వం కోసం ప్రయత్నించి విఫలమయ్యారు. అటు బ్రిటన్ చర్చిల్ రాజకీయాలు చేస్తూనే జీవితాంతం పుస్తకాలు రాశారు. కనుక ‘రచయిత’, ‘రాజకీయ నాయకుడు’ అన్న గుర్తులు రెండూ ఇద్దరికీ వర్తిస్తాయి. బ్రిటన్ చర్చిల్ తల్లి అమెరికన్ కావడం మరో మెలిక. ఇక మిగిలిన గుర్తు ఆ ‘స్పెన్సర్’ ఒక్కటే. బ్రిటన్ చర్చిల్ పుస్తకాలపై నేటికీ ఆ మధ్య అక్షరం కనిపిస్తుంది. మన ఊరి యాదయ్య తన పేరు ముందు తానే ఇంటిపేరు చేర్చుకుని అవతలి యాదయ్యకు కబురు పంపడం లాంటిది ఇది.

ఫోన్‌లో వెతికేటప్పుడు

పేరు ఒక్కటే కొట్టి వెతకవద్దు. పేరు, దేశం, పదవి మూడూ కలిపి కొట్టాలి. వచ్చిన ఫలితంలో ఫొటో ఒకరిది, పక్కన వివరాలు మరొకరివి ఉండటం నేను చాలాసార్లు చూశాను కనుక, ఫొటోను సాక్ష్యంగా తీసుకోకుండా పుట్టిన సంవత్సరాన్ని సరిచూసుకోవాలి. ముజీబుర్ రహ్మాన్ అని కొడితే బంగ్లాదేశ్ జాతిపితే ముందు వస్తారు. 2015లో కొలంబో జిల్లా నుంచి శ్రీలంక పార్లమెంటుకు ఎన్నికైన ముజీబుర్ రహ్మాన్ కావాలంటే దేశం పేరు చేర్చక తప్పదు.

పాత వార్త చదివేటప్పుడు మొదట దాని తేదీ చూడాలి. ‘పాకిస్తాన్ ప్రధాని మహమ్మద్ అలీ’ అని ఉంటే, 1953 ఏప్రిల్ నుంచి 1955 ఆగస్టు వరకు ఆయన మహమ్మద్ అలీ బోగ్రా, ఆ తర్వాత 1956 సెప్టెంబరు వరకు ఆయన చౌధురి మహమ్మద్ అలీ. ఒకరి తర్వాత ఒకరు, అదే కుర్చీలో, అదే పేరుతో కూర్చున్నారు. అంతకుముందు పోయిన జిన్నా కూడా మహమ్మద్ అలీయే. మన ఉమ్మడి రాష్ట్రంలో సంజీవరెడ్డి తర్వాత సంజీవయ్య, సంజీవయ్య తర్వాత మళ్లీ సంజీవరెడ్డి ముఖ్యమంత్రులైనప్పుడు బయటి రాష్ట్రాల వారు పడిన అవస్థ ఇలాంటిదే అయి ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. దొరికిన ప్రతి జంటకూ పేజీలు పెట్టుకుంటూ పోతే నోట్‌బుక్కు చాలదు, చదవడానికి సమయమూ మిగలదు. బ్రిటన్‌లో 2016 నుంచి 2018 వరకు బ్రెగ్జిట్ మంత్రిగా ఉన్న డేవిడ్ డేవిస్‌కు, లింకన్ స్నేహితుడై, అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగాను, సెనేటరుగాను పనిచేసిన డేవిడ్ డేవిస్‌కు మధ్య నూట యాభై ఏళ్ల దూరం ఉంది. అలాంటి వారిని ఎవరూ కలిపేసుకోరు, వదిలేయవచ్చు. కాలమో, ప్రాంతమో, సంఘటనో కలిసినచోటనే పేజీ పెట్టాలి. పదవిలో కొనసాగుతున్నవారి సంవత్సరాలను మాత్రం పెన్సిలుతోనే రాసుకోవాలి.

ఆ అమ్మాయి నోట్‌బుక్కు మొన్న మళ్లీ నా ముందుకు వచ్చింది. జియాలకు ఎదురెదురుగా రెండు పేజీలు, పక్కన కాలరేఖలు, అడుగున ఎర్ర సిరా అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతి పేజీ ఖలీదా జియాది: బంగ్లాదేశ్, ప్రధానమంత్రి, తొలిసారి 1991. ఎర్ర సిరా వరుసలో “భర్త: చిట్టగాంగ్ జియా, విమానం జియా కాదు” అని రాసుకుంది.